చదవడమే కష్టం.. పశువైద్యం వైపు పంపొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. నోటితో చెబితే అన్నీ అర్థమవుతాయి. చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. ఒత్తులు వదిలేస్తాడు, 36ను 63 అని రాస్తాడు. ఇంట్లో గేదె ఎదకొచ్చినా, మేత మానినా మాకంటే ముందే పసిగడతాడు. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తానంటున్నాడు. ఆ చదువు వీడి వల్ల అవుతుందా? మందులేమైనా ఉన్నాయా?
- ఓ తల్లి, జనగామ జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలు డిస్లెక్సియాను సూచిస్తున్నాయి. ఇది తెలివితక్కువతనం కాదు. అక్షరాన్ని దాని శబ్దంతో కలపడానికి ఈ పిల్లల మెదడు మామూలుకన్నా ఎక్కువ శ్రమపడుతుంది. అంకెలూ తారుమారవుతున్నాయి కాబట్టి డిస్‌కాల్క్యులియా (అంకెలు, లెక్కల్లో వచ్చే ఇబ్బంది) కూడా ఉందేమో చూడాలి. దీనికి మందు లేదు, జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు తగలేయకండి. ఏకాగ్రత లోపం తోడుంటే మాత్రం దానికి మంచి మందులున్నాయి.

ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత క్లినికల్ సైకాలజిస్టు ఐక్యూ, ఆపైన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన అభ్యసన పరీక్షలు చేస్తారు. ఐక్యూ 70 లోపు వస్తే సమస్య వేరు, దారీ వేరు.

డిస్లెక్సియా అని తేలితే వైకల్య ధ్రువీకరణకు దివ్యాంగుల గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. మెడికల్ బోర్డు వైకల్యం 40 శాతం లేదా అంతకుమించి అని ధ్రువీకరిస్తే, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో అన్ని వైకల్యాలకూ కలిపి ఉన్న 5 శాతం సీట్లకు అర్హత వస్తుంది. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగొచ్చు. చాలామంది హాల్‌టికెట్ చేతికొచ్చాక పరుగెత్తుతారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. పది పరీక్ష ఫీజు కట్టేలోపే సర్టిఫికెట్ బడిలో ఇవ్వాలి. సహాయకుడు దొరికితే చాలదు, జవాబును నోటితో వరుసగా చెప్పి రాయించడం కూడా సాధనే. వారానికి రెండుసార్లు ఇంట్లో ఎవరో ఒకరు రాసిపెట్టండి.

ఇక చదువు సంగతి. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అయిదున్నరేళ్లు. అసాధ్యమనను గానీ, లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలతో పని. పది తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. తెలంగాణలో ఇది రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద. నా ఓటు దీనికే. బడి మాన్పించి ఓపెన్ టెన్త్‌కు మార్చాలనుకుంటే, అది ఈ సీటుకు చెల్లుతుందో లేదో ముందు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

సీటు కంటే నాకు ఎక్కువ బెంగ కొలువు గురించి. గేదెను పట్టుకోవడం, జ్వరం చూడటం మీవాడికి కష్టం కాదు. చిక్కంతా మందు సీసా మీద చిన్న అక్షరాల దగ్గర. డిస్లెక్సియా ఉన్నవాళ్లు మాట మొదలు చూసి మిగతాది ఊహిస్తారు. ఆక్సిటోసిన్, ఆక్సిటెట్రాసైక్లిన్ పేర్లు ఒకలాగే మొదలవుతాయి. ఒకటి గర్భసంచిని బిగించే హార్మోను, రెండోది యాంటీబయాటిక్. పొరపాటున మొదటిది చూడి గేదెకు పడితే? అందుకే ఇలాంటి మందులు వేర్వేరు డబ్బాల్లో, రంగు టేపు చుట్టి పెట్టుకోవాలి. సూది ఎక్కించేముందు పేరు పైకి చదవాలి, ఇంకొకరు విని సరేననాలి. ఫోన్ కెమెరాతో లేబుల్ చదివించుకోవడమూ నేర్పండి.

రెండో ప్రమాదం దశాంశ బిందువు. మత్తుమందు జైలజీన్ గుర్రానికిచ్చే మోతాదులో దాదాపు పదో వంతే పశువుకు సరిపోతుంది. 0.5 కాస్తా 5 అయితే పశువు దక్కదు. బరువుకు ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు చేత చార్టు రాయించుకుని గోడకు అంటించాలి, నోటిలెక్క వద్దు. పశువు చెవికి వేసే గుర్తింపు పోగు మీది 12 అంకెల నంబరును నాలుగేసి చొప్పున విడగొట్టి రాయాలి, బార్‌కోడ్ స్కాన్ చేయగలిగితే ఇంకా మేలు. కృత్రిమ గర్భధారణలో వీర్యం గొట్టాన్ని 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచుతారు. వేళ్ల మీద లెక్కపెట్టకుండా ఫోన్ టైమర్ పెట్టుకోవాలి.

సెలవుల్లో పశువుల ఆసుపత్రికి పంపి చూడండి. అంతకుముందే రేబిస్ టీకా మూడు డోసులు వేయించాలి. మొదటి రోజు ఒకటి, ఏడో రోజున రెండోది, 21 లేదా 28వ రోజున మూడోది. ధనుర్వాతం టీకా కూడా. గేదె ఈనేటప్పుడు, మాయ తీసేటప్పుడు ఒట్టి చేతులు పెట్టనివ్వకండి, పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా బ్యాక్టీరియా అలాగే అంటుకుంటుంది.