చెవి ఇవ్వని అక్షరాన్ని మెదడు పెట్టుకుంటుంది

"కంటికి, చెవికి అందినదాన్ని మెదడు ఉన్నదున్నట్టు తీసుకుంటుందా, తన తరఫున ఏమైనా కలుపుతుందా?" అని అడిగారు. కలుపుతుంది, అదీ మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువగా. మా నాన్నగారికి వినికిడి తగ్గాక ఇంట్లో రోజూ చూసిన సంగతి కాబట్టి చెవి గురించే చెబుతాను.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు తగ్గేది సన్నటి, కీచు శబ్దాలు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీవి. అచ్చుల బలం చాలావరకు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది కాబట్టి అవి బాగానే చేరతాయి. స, త, ప లాంటి హల్లుల మధ్య తేడా తెలిసేది పై ఫ్రీక్వెన్సీల్లో. అందుకే పెద్దవాళ్ళు "మాట వినబడుతోంది గానీ ఏమన్నావో తెలియట్లేదు" అంటారు. అది సాకు కాదు, అక్షరాలా నిజం.

వంటింట్లోంచి అమ్మ "పప్పయిపోయిందండీ" అంటే, హాల్లో పేపరు చదువుకుంటున్న నాన్నగారు కంగారుగా "ఏం తప్పయిపోయింది?" అనేవారు. ఇక్కడ ఆయనకు వినిపించింది గజిబిజి శబ్దం కాదు, శుభ్రమైన తెలుగు మాట. చెవి ఇవ్వని హల్లును మెదడే పెట్టేసుకుంది, పెట్టినట్టు ఆయనకు తెలియను కూడా తెలియదు. అదే మాట, సంచి పట్టుకుని కిరాణా కొట్టుకు బయల్దేరుతున్నప్పుడు అంటే ఠక్కున అందుకునేవారు. శబ్దం అదే, సందర్భం మారింది.

చెవులు బాగున్నవాళ్ళకూ ఇదే జరుగుతుంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రికార్డు చేసిన ఒక వాక్యంలో చిన్న ధ్వనిని పూర్తిగా తీసేసి ఆ చోట దగ్గు పెట్టి వినిపించాడు. విన్న 20 మందిలో 19 మంది వాక్యంలో ఏదీ పోలేదన్నారు. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. దేన్నైనా చూసి, విని గ్రహించడం అంటే మనకు తెలియకుండానే జరిగే ఊహ అని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే అన్నది ఇందుకే.

ఈ ఊహకు కళ్ళు కూడా సాయం చేస్తాయి. పెదాలు "గ" అంటున్న వీడియోకు "బ" శబ్దం జోడిస్తే చాలామందికి "ద" వినిపిస్తుందని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు. కళ్ళు మూసుకుంటే మళ్ళీ "బ"నే. కిటుకు తెలిశాక కూడా ఇది పోదు, నాకైతే అదే అన్నిటికన్నా ఆశ్చర్యం. నాన్నగారు ఎదురుగా కూర్చుని బాగానే మాట్లాడేవారు, ఫోన్లో మాత్రం చాలా ఇబ్బంది పడేవారు.

తర్వాత హియరింగ్ ఎయిడ్ పెట్టించాం. మొదట్లో ఫ్యాను రొద, స్టీలు పళ్ళేల చప్పుడు, పేపరు గరగరలు భరించలేక తీసి పక్కన పెట్టేసేవారు. ఏ శబ్దాన్ని పట్టించుకోవాలో, దేన్ని వెనక్కి నెట్టాలో మెదడు మళ్ళీ నేర్చుకోవాలని, ముందు ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో కాసేపు పెట్టుకుని మెల్లగా సమయం పెంచమని ఆడియాలజిస్టు చెప్పారు. అలాగే చేశాం, కొన్ని వారాలకు ఫ్యాను సంగతే ఎత్తడం మానేశారు.

మీ ఇంట్లోనూ వినికిడి తగ్గినవాళ్ళుంటే దయచేసి అరవకండి, అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి గానీ హల్లులు తేలవు. ఎదురుగా వచ్చి, ముందు విషయం ఏమిటో చెప్పండి: "సరుకుల గురించి నాన్నా, పప్పయిపోయింది." అప్పటికీ అందకపోతే అదే మాట పదేపదే అనకుండా "కందిపప్పు తేవాలి" అని మార్చి చెప్పండి.