అర్ధపత్రం రెండువైపులా నల్లబడితే...

ప్ర: పదో తరగతి పిల్లలతో మోల్ అర్ధపత్ర ప్రయోగం చేయించాను. సీసా లోపలి సగం, బయటి సగం రెండూ నీలినలుపుకు తిరిగాయి. పొటాషియం హైడ్రాక్సైడ్ కొత్తదే. తప్పెక్కడ?
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

జ: ఈ ప్రయోగంలో ఆకులో సగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న సీసాలో, సగాన్ని బయట ఉంచి ఎండలో పెడతాం. ఆ ద్రావణం సీసాలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చేస్తుంది కాబట్టి లోపలి సగంలో పిండిపదార్థం తయారవకూడదు, అయోడిన్ వేస్తే బయటి సగమే నల్లబడాలి. రెండూ నల్లబడితే ముందు అనుమానించాల్సింది సీసాను కాదు, కుండీని. మొక్కను ఎన్నాళ్లు చీకట్లో ఉంచారో మీరు రాయలేదు. ఒక్క రాత్రి చాలదు. నిన్నటి పిండిపదార్థానికీ ఇవాళ్టిదానికీ అయోడిన్‌కు తేడా తెలియదు కదా! కనీసం 48 గంటలు, వీలైతే మూడు రోజులు చీకట్లో ఉంచండి. తర్వాత అదే మొక్క ఆకు ఒకటి తెంపి పరీక్షించండి. అది పసుపు గోధుమ రంగులోనే ఉండిపోతే అప్పుడు సీసా బిగించండి.

ఆ తర్వాత బిరడా చూడండి. నిలువునా చీల్చిన బిరడా మధ్య ఆకు పెడితే నడిమి ఈనె పక్కన సన్నటి సందు మిగులుతుంది. అక్కడ వాజలిన్ దట్టంగా పూయాలి. 50 మి.లీ. నీళ్లలో 10 గ్రా. పొటాషియం హైడ్రాక్సైడ్ చాలు. నీళ్లలోకే పలుకులు కొద్దికొద్దిగా వేయండి. బాగా వేడెక్కుతుంది, చర్మాన్ని కాలుస్తుంది. ఈ పని పిల్లలకు వదలొద్దు. ఆకు కొన ద్రవానికి తగలకూడదు.

ఈ ప్రయోగంలో ఎవరూ పట్టించుకోని లోపం ఇంకోటుంది. అర లీటరు సీసా గాలిలో ఉండే కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 0.2 మి.లీ. మాత్రమే. మూత గట్టిగా ఉంటే, క్షారం (పొటాషియం హైడ్రాక్సైడ్) లేకపోయినా ఆకు దాన్ని త్వరగా వాడేసుకుంటుంది. అందుకే పోలికకు రెండో సీసాలో ఉత్త నీళ్లు కాకుండా వంటసోడా ద్రావణం (100 మి.లీ.కు 1 గ్రా.) పోయండి. అందులోని సగం కూడా నల్లబడితేనే తేడా క్షారం వల్ల వచ్చిందని చెప్పగలం.

లోపలి సగం ఏదో గుర్తుకు పెన్నుతో గీత గీయొద్దు, తర్వాత పచ్చదనం పోగొట్టడానికి ముంచే స్పిరిట్‌లో చెరిగిపోతుంది. అంచున చిన్న గాటు పెట్టండి.

ప్ర: పచ్చదనం పోగొట్టేటప్పుడు స్పిరిట్‌కు మంట అంటుకుంది. వేరే దారి ఉందా?

జ: ఉంది, మంటే వద్దు. స్పిరిట్ సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది. ముందు ఆకును మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచండి. కణాల పొరలు చెడితేనే తర్వాత అయోడిన్ లోపలికి దిగుతుంది. ఆపైన ఆకు మునిగేటంత స్పిరిట్ పోసిన పరీక్షనాళికను, ఎలక్ట్రిక్ కెటిల్‌లో అప్పుడే కాగిన నీళ్లు పోసిన గ్లాసులో నిలబెట్టండి. నీళ్లు చల్లారితే మార్చండి. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ గదిలో ఏ పొయ్యీ వెలగకూడదు. స్పిరిట్ నుంచి తీసిన ఆకు అప్పడంలా పెళుసుగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్‌ను పది రెట్లు నీళ్లతో పలుచన చేసి చుక్కలుగా వేయండి. చిక్కగా వేస్తే ముదురు గోధుమ రంగే నలుపులా కనిపిస్తుంది.

ప్ర: ఉల్లి ఆకుతో చేస్తే ఎంతకీ నల్లబడలేదు.

జ: పడదు. ఉల్లి తన ఆకుల్లో పిండిపదార్థం కాకుండా చక్కెరలను దాచుకుంటుంది. మందారంతో చేయండి.