కరాచీకి రావాల్సిన ఎయిర్‌షిప్

ప్రశ్న: ఎయిర్‌షిప్ (గ్యాస్ సంచులతో గాల్లో తేలే ఓడ) ప్రమాదం అంటే అందరూ జర్మనీవాళ్ల హిండెన్‌బర్గ్ గురించే చెబుతారు. అంతకుముందే మన దేశానికి బయలుదేరిన ఒకటి కాలిపోయిందని విన్నాను. నిజమేనా? అందులో పోయినవాళ్లని ఎవరైనా తలుచుకుంటున్నారా?

జవాబు: నిజమేనండీ. దాని పేరు ఆర్101. 1937లో హిండెన్‌బర్గ్ కాలినప్పుడు 36 మంది పోయారు, దీంట్లో అంతకు ఏడేళ్ల ముందే 48 మంది. అది కెమెరాల ముందు కాలింది, ఇది వాన పడుతున్న రాత్రి ఫ్రాన్స్‌లో బోవే ఊరి దగ్గర. జనం దీన్ని మర్చిపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది.

1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో 54 మందితో లేచింది. మధ్యలో ఈజిప్టులో ఆగి, అప్పుడు మన దేశంలోనే ఉన్న కరాచీకి చేరాలి. అక్కడ దానికోసం పెద్ద షెడ్డు కూడా కట్టారు. ఎద్దు పేగుల పొరతో చేసిన సంచుల నిండా హైడ్రోజన్, అంటే నిప్పు తగిలితే భగ్గుమనేదే. బరువు మోయలేకపోతోందని నడుం దగ్గర కోసి ఇంకో 45 అడుగులు కలిపారు, కలిపాక ఫుల్ స్పీడులో ఒక్కసారి కూడా పరీక్షించకుండానే అంత దూరం పంపారు. బ్రిటన్ విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్‌కి బ్రిటిష్ సామ్రాజ్య దేశాల సమావేశం నాటికి లండన్‌కి తిరిగి వచ్చేయాలని తొందర. ఆయనా అందులోనే పోయారు, ఇప్పుడు ఆయన్ని ఏమీ అనలేం, కానీ ఆ తొందర తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తెల్లవారుజామున 2 దాటింది, డ్యూటీ మారే వేళ. ఇంజిన్ గదిలో బెల్ అనే ఇంజినీరు దగ్గర డ్యూటీ అందుకోవడానికి అతని తోటి ఇంజినీరు బింక్స్ కాస్త ఆలస్యంగా వచ్చాడు. ఇద్దరూ అక్కడ ఉండగానే ఓడ నేలకి తగిలి అంటుకుంది. సరిగ్గా వాళ్ల పైనున్న నీళ్ల ట్యాంకు పగిలి ఒళ్లంతా తడిసింది, ఆ నీళ్లే ఇద్దరినీ బతికించాయి. బయటపడ్డ హ్యారీ లీచ్ అయితే చిక్కుకున్న తోటివాడి కోసం మళ్లీ ఆ మంటల్లోకే దూరాడు. చివరికి మిగిలింది ఆరుగురు.

ఇక తలుచుకోవడం అంటారా, మృతదేహాలను లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ హాల్లో ఉంచితే జనం వచ్చి చూశారు. చాలామందిని గుర్తుపట్టలేకపోయారు, అందుకే 48 మందినీ కార్డింగ్టన్‌లో ఒకే సమాధిలో పెట్టి పేర్లన్నీ రాయి మీద చెక్కారు. మంత్రి, వంటవాడు, ఇంజినీరు అంతా ఒకేచోట. అక్కడి చర్చిలో ఆ ఓడ జెండా ఉంది, మంటలకి కమిలినది.

ప్రశ్న: మరి విచారణ జరగలేదా?

జవాబు: జరిగింది. చేసింది ఎవరో తెలుసా, 1928లో మనవాళ్లు 'గో బ్యాక్' అని తరిమిన సర్ జాన్ సైమన్! ముందువైపు సంచుల్లోంచి గ్యాస్ పోయి ముక్కు కిందికి వాలిందని 1931లో తేల్చారు. దీని జతది ఆర్100, కెనడా దాకా క్షేమంగా వెళ్లొచ్చినది, దాన్ని కూడా విరగ్గొట్టి తుక్కు కింద అమ్మేశారు.