దాశరథి రంగాచార్య ఎవరు? ఆయన నవలల్లో ముందు ఏది చదవాలి?

కవి దాశరథి కృష్ణమాచార్యకు తమ్ముడు. 1928లో చిన్నగూడూరులో పుట్టారు. నిజాం పాలనపై సాయుధ పోరాటంలో పాల్గొన్నారు. తర్వాత పురపాలక ఉద్యోగంలో చేరి 1988లో పదవీ విరమణ చేశారు. 2015లో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

మొదట 'చిల్లర దేవుళ్లు' చదవండి. పోలీసు చర్యకు, అంటే 1948లో హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన సైనిక చర్యకు ముందు తెలంగాణ పల్లె అది. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పాణి అనే సంగీత విద్వాంసుడు దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో అడుగుపెడతాడు. పాట విని మెచ్చుకునే దొరే ఊరిని ఎలా పిండుతాడో, గడీలో ఆడబాపల (వెట్టి దాసీల) బతుకేమిటో అతని కళ్లతో మనమూ చూస్తాం. పాత్రలు తెలంగాణ మాటే మాట్లాడతాయి. యాస కొత్తవారికి మొదటి పేజీలు కాస్త నెమ్మదిగా సాగుతాయి, అంతే.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', 'గంగు' నవలల్లో మొదలుపెట్టిన తెలంగాణ కథను రంగాచార్య కొనసాగించారు. కాబట్టి తర్వాత పోరాట కాలపు 'మోదుగుపూలు', ఆపై 'జనపదం' వరుసగా చదవడం మంచిది. ఈ వామపక్ష నవలాకారుడే నాలుగు వేదాలనూ తెలుగు వచనంలోకి తెచ్చారు! ఆ వైరుధ్యం అర్థం కావాలంటే ఆత్మకథ 'జీవనయానం' చూడండి. నా మటుకు నాకు నవలలకన్నా అదే ఎక్కువ ఇష్టం.