రాష్ట్ర ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనేవాళ్ళు పేదలకు వ్యతిరేకులా?

మీరు అడిగింది ఇది: "రాష్ట్రం అప్పుల్లో ఉంది, ఖర్చు అదుపులో పెట్టాలి అంటే చాలు, మా ఇంట్లోవాళ్ళే నన్ను పేదల పొట్ట కొట్టేవాడిలా చూస్తున్నారు. నా ఆలోచనే తప్పా?"

తప్పు కాదు. ట్రెజరీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషిగా చెబుతున్నాను. 1990లో జూనియర్ అకౌంటెంటుగా చేరాను. ఏ జిల్లా, రెండు రాష్ట్రాల్లో ఏది అన్నది చెప్పను. చెబితే నేను ఏ పార్టీని అంటున్నానా అని వెతకడం మొదలవుతుంది. నేను చూసింది ఏ ఒక్క పార్టీ హయాంలోనో జరిగింది కాదు.

మా సబ్ ట్రెజరీకి ఒక మధ్యాహ్న భోజన ఏజెన్సీ ఆవిడ వచ్చేది. బడిలో పిల్లలకు వండిపెడుతుంది. కిరాణా కొట్లో అరువు పెట్టి సరుకులు తెస్తుంది, బిల్లు వచ్చాక తీరుస్తుంది. మండల విద్యాశాఖ ఆఫీసులో అడిగితే "మేం పెట్టేశాం, ట్రెజరీలో కనుక్కో" అంటారు. మేం టోకెన్ నంబర్ చూసి "మా దగ్గర పాసయిందమ్మా, పైన ఆగింది" అనేవాళ్ళం. మొదట్లో నెలకోసారి వచ్చేది, తర్వాత వారానికోసారి. ఒకరోజు కొట్టువాడి ఖాతా పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద తెరిచి పెట్టింది. కందిపప్పు, నూనె, చింతపండు, గుడ్లు, పేజీ తర్వాత పేజీ. ఆఖరి పేజీలో గుడ్లు లేవు. కొట్టువాడు గుడ్లకు అరువు ఆపేశాడట. "పాసయిందంటారు, డబ్బులు పడలేదంటారు. ఏది నిజం సార్?" అంది.

రెండూ నిజమే. అదే చెప్పాను. ఆవిడ పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది.

అదే వారంలో ఒక కొత్త పథకం మొదటి విడతకు బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ వచ్చింది. రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని ఆ బిల్లులన్నీ పాస్ చేశాం. తెల్లారేసరికి డబ్బులు పడ్డాయి. అంటే ఖజానాలో డబ్బు లేక ఆవిడ బిల్లు ఆగలేదు. ఆవిడ ఎదురుచూసినా ఎవరికీ ఓట్లు పోవు, కాబట్టి ఆగింది. నా అభిప్రాయాలన్నీ ఆ వారం నుంచే గట్టిపడ్డాయి.

ఆలోచించండి. ఆవిడ దగ్గర ప్రభుత్వం అప్పు చేసింది. అడక్కుండా, నోటు రాయకుండా చేసింది. బ్యాంకు దగ్గర తెస్తే వడ్డీ కట్టాలి, ఇక్కడ ఆ వడ్డీ కూడా ఆవిడే కొట్టువాడికి కట్టుకుంటుంది. పైగా ఈ అప్పు బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా కనపడదు. మన ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చెల్లించిన రోజే అది ఖర్చు కింద లెక్క. మార్చి 31 రాత్రి ఎన్ని బిల్లులు ఆపితే ఆ సంవత్సరం లోటు అంత తక్కువగా కనపడుతుంది. ఏప్రిల్లో ఆ మూటంతా కొత్త సంవత్సరం నెత్తిన పడుతుంది. సర్పంచులు సొంత డబ్బు పెట్టి వేయించిన రోడ్లు, చిన్న కాంట్రాక్టర్లు కట్టిన గోడలు, ఉద్యోగులు జీతంలోంచి దాచుకున్న జీపీఎఫ్ డబ్బు, మెడికల్ బిల్లులు, అన్నీ ఆ మూటలోనే ఉంటాయి.

చట్టం లేక కాదు. అప్పులకూ లోటుకూ హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టాన్ని కేంద్రం 2003లో చేసింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో తన చట్టం తెచ్చుకుంది. ద్రవ్యలోటు, అంటే రాబడి చాలక ఆ ఏడాది అప్పు తెచ్చి పూడ్చే మొత్తం, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దాటకూడదన్నది దాని లెక్క. మంచి చట్టమే. కానీ గీత గీస్తే గీత పక్కనుంచి దారి వేశారు. తెలంగాణలో కాళేశ్వరం ఎత్తిపోతలకు ఒక కార్పొరేషన్ పెట్టి, ప్రభుత్వ హామీతో దాని పేరున అప్పులు తెచ్చారు. ఆ కార్పొరేషన్‌కు సొంత రాబడి లేదని, తీర్చాల్సింది రాష్ట్రమేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పింది. 2023 అక్టోబర్‌లో ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. బ్యారేజీ పనిచేసినా చేయకపోయినా వాయిదా కట్టాల్సిందే కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ పెట్టి, మద్యం మీద వచ్చే అదనపు ఎక్సైజ్ సుంకాన్ని చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు. అంటే ముందు ముందు వచ్చే ఆదాయాన్ని ఇవాళే ఖర్చుపెట్టేశారు. ఇలాంటి అప్పులను కూడా రాష్ట్రాల అప్పు పరిమితిలోనే లెక్కగడతామని 2022లో కేంద్రం చెప్పాల్సి వచ్చింది.

2023 డిసెంబర్‌లో తెలంగాణ కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు 6,71,757 కోట్లు అంది. దిగిపోయిన పార్టీ ఆ లెక్క తప్పంది. నాకు ఆ గొడవ కన్నా బాధ కలిగించిన విషయం వేరే ఉంది. రాష్ట్రం ఎంత బాకీ ఉందో తెలుసుకోవడానికి జనం ప్రభుత్వం మారేదాకా ఆగాల్సి రావడమేమిటి?

ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ళ మాటకు వస్తాను. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఆ బియ్యమే వండుకున్నాం. అమ్మ రేషన్ కార్డును దేవుడి పటం వెనక దాచేది. కాబట్టి పేదవాడికి ఇచ్చేదంతా దండగ అనేవాళ్ళతో నేను కలవను. మీరూ కలవకండి. కానీ ఆ పథకం ఖర్చు అందరికీ తెలిసే జరిగింది. 1995లో మద్యనిషేధం పెట్టారు, ఎక్సైజ్ రాబడి పోయింది. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, ఖజానా ఎంత ఇరుకున పడిందో కౌంటర్ లోపల నుంచి చూశాను. తర్వాత బియ్యం ధర మూడున్నరకు పెంచారు, 1997లో నిషేధం ఎత్తేశారు. తిట్లు తిన్నారు, కానీ మొహం చాటేయలేదు. ఇప్పుడు ధర పెంచరు, పథకం ఆపరు, పన్ను వేస్తున్నామనీ చెప్పరు. వంట చేసే ఆవిడ బిల్లు ఆపుతారు. ఈ రెండింటిలో పేదవాడికి ఏది ఎక్కువ అన్యాయమో మీ ఇంట్లోవాళ్ళను అడగండి.

ఇంకో మాట చెబితే నా పాత సహోద్యోగులకు కోపం వస్తుంది, అయినా చెబుతాను. నాకు పాత పెన్షన్ వస్తుంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ళకు సీపీఎస్, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ నెలనెలా చెరో వాటా జమ చేసే పెన్షన్. దాన్ని రద్దు చేసి అందరికీ పాత పెన్షన్ ఇస్తామనే హామీని నేను సమర్థించను. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ఇవి మూడూ ముందే పక్కకు తీసిపెట్టాల్సిన ఖర్చులు. ఇవి పెరిగిన కొద్దీ బడికీ ఆసుపత్రికీ మిగిలేది తగ్గుతుంది. సీపీఎస్ వాళ్ళ వాటా, ప్రభుత్వ వాటా నెలనెలా ఠంచనుగా జమ చేయించడం మీద పోరాడితే వాళ్ళకూ మేలు.

వాదనకు దిగే ముందు మీరు లెక్క చూడటం అలవాటు చేసుకోండి, పెద్ద కష్టం కాదు. రాష్ట్రాల రాబడి, ఖర్చు, అప్పు ఎంతో కాగ్ నెలనెలా వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఆర్‌బీఐ మామూలుగా మంగళవారాల్లో రాష్ట్రాల బాండ్లు వేలం వేస్తుంది, ఏ రాష్ట్రం ఎంత తీసుకుందో ఆ సాయంత్రమే తెలుస్తుంది. బడ్జెట్ పుస్తకంలోనైతే ఈ ఏటి అంచనా పక్కన నిరుటి సవరించిన అంచనా, దాని పక్కన రెండేళ్ళ కిందటి అసలు లెక్క ఉంటాయి. అందరూ మొదటిదే చదువుతారు, పేపర్లలో హెడ్డింగులూ దాని మీదే వస్తాయి. మీరు ఆ అసలు లెక్క తీసి, రెండేళ్ళ కిందట అదే పద్దు కింద ఎంత కేటాయిస్తామని చెప్పారో పక్కన పెట్టి చూడండి. మీకు దగ్గరి శాఖ ఒక్కటి, బడులో, సాగునీరో, హాస్టళ్ళో, ఎంచుకుంటే చాలు.

దాంతోపాటు మీ ఎమ్మెల్యే కనిపించినప్పుడు ఒక్కటి అడగండి: మన నియోజకవర్గంలో ట్రెజరీ పాస్ చేసి కూడా డబ్బు పడని బిల్లులు ఎన్ని, ఏ తేదీ నుంచి? ఆ జాబితా కంప్యూటర్లో ఉంటుంది. టోకెన్ నంబర్లు వేసిన మనిషిని, నాకు తెలుసు.

ఆవిడ బిల్లు ఏడో నెలలో పడింది. అప్పటికే ఆ బడిలో వంట ఇంకొకళ్ళు చేస్తున్నారు.