సాంకేతిక సందేహాలు: తెరుచుకోని వర్డ్ ఫైలు

ప్రశ్న: నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. సిద్ధాంత వ్యాసంలోని నాలుగో అధ్యాయాన్ని మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో యూనికోడ్ తెలుగులో టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లోనే ఉంచి అక్కడే దిద్దుకుంటూ వచ్చాను. గత వారం ఫైలు సేవ్ అవుతుండగానే తొందరలో పెన్‌డ్రైవ్ లాగేశాను. ఇప్పుడు తెరవబోతే ఫైలు పాడైందనే సందేశం వస్తోంది. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే సరిపోతుందని ఒక దుకాణంలో చెప్పారు. చేయించవచ్చునా?
– ఒక పరిశోధక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: దయచేసి చేయించకండి. ఫార్మాట్ వల్ల పెన్‌డ్రైవ్ మళ్లీ వాడకానికి వస్తుందేమో గాని మీ అధ్యాయం తిరిగి రాదు. అంతేకాదు, ఆ పెన్‌డ్రైవ్‌లోకి కొత్తగా ఒక్క ఫైలు కూడా ఎక్కించకండి. పెట్టగానే లోపాలు సరిచేయమంటారా అని విండోస్ అడిగితే ప్రస్తుతానికి ఒప్పుకోకండి. దీనికి కారణం ఉంది. మీరు సేవ్ నొక్కినప్పుడు వర్డ్ సాధారణంగా పాత ఫైలునే దిద్దదు. పక్కన ఒక తాత్కాలిక ఫైలు రాసి, పాతదాన్ని తొలగించి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. తొలగించిన ఫైలులోని సమాచారం, ఆ చోటును మరొకటి ఆక్రమించేదాకా పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. అంటే మీరు అంతకుముందు సేవ్ చేసిన ప్రతి ఇంకా అందులో దొరికే అవకాశం ఉంది.

ముందుగా పాడైన ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ప్రయత్నాలన్నీ ఆ కాపీ మీదనే చేయండి. దాని పరిమాణం 0 అని ఉంటే లోపల ఏమీ లేదు. పరిమాణం సరిగానే ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి రెండు అక్షరాలు చూడండి. వర్డ్ 2007 నుంచి వాడుకలో ఉన్న డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట (పలు ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టినది) కాబట్టి, అది ఇంగ్లిషులో ‘పీకే’ అనే అక్షరాలతో మొదలవుతుంది. అవి జిప్ రూపకర్త ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. వాటికి బదులు మొదటి నుంచి చివరిదాకా ఖాళీయే కనిపిస్తే, ఫైలుకు చోటు కేటాయించారు గాని అందులో ఏమీ రాయలేదన్నమాట. లేని అక్షరాలను ఏ రిపేర్ సాఫ్ట్‌వేరూ తేలేదు కనుక, అలాంటి ఫైలు కోసం ఎవరికీ డబ్బు చెల్లించకండి.

‘పీకే’ కనిపిస్తే ఆశ ఉంది. వర్డ్‌లో ఓపెన్ పెట్టె తెరిచి, ఫైలును ఎంచుకుని, ఓపెన్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కితే ‘ఓపెన్ అండ్ రిపేర్’ వస్తుంది. అది విఫలమైతే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో తెరవండి. వర్డ్ నిరాకరించిన ఫైళ్లను అది ఒక్కోసారి తెరుస్తుంది. రెండూ కుదరకపోతే మూటనే విప్పాలి. జిప్ ఫైలుకు విషయసూచిక చివరన ఉంటుంది. మధ్యలో పెన్‌డ్రైవ్ లాగేస్తే ఆ చివరి భాగమే తెగిపోవచ్చు. లోపలి పాఠం చాలావరకు ఉన్నా, సూచిక లేనందున వర్డ్ చేతులెత్తేస్తుంది. సెవెన్‌జిప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటి మూట నుంచి కూడా అందినంత బయటికి తీయగలదు. ‘వర్డ్’ అనే ఫోల్డర్‌లోని ‘డాక్యుమెంట్’ అనే ఎక్స్ఎంఎల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, గుర్తుల మధ్య మీ తెలుగు వాక్యాలు కనిపిస్తాయి. మీది పరిశోధన గనుక ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి: అధోజ్ఞాపికలు ఈ ఫైలులో ఉండవు. అవి ‘ఫుట్‌నోట్స్’ అనే వేరే ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటాయి. దాన్ని మరచిపోతే ఆధారాలన్నీ మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది.

ఇవేవీ ఫలించకపోతే పాత ప్రతి కోసం వెతకాలి. వర్డ్ మామూలుగా 10 నిమిషాలకోసారి ఆటోరికవర్ ప్రతిని కంప్యూటర్‌లోనే దాస్తుంది కాబట్టి, మీరు టైపు చేసిన కంప్యూటర్‌లో ఏఎస్‌డీ అనే పొడిగింపు ఉన్న ఫైళ్లను వెతకండి. పర్యవేక్షకులకు పంపిన ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు కూడా చూడండి. తర్వాత పెన్‌డ్రైవ్ మీద ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి, దొరికినవన్నీ కంప్యూటర్‌లోకి తీసుకోండి. అది పాత పేర్లు నిలపదు. అంకెల పేర్లతో వచ్చిన డాక్‌ఎక్స్ ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. ఓపిక కావాలి, కానీ నెలల కష్టం ముందు ఒక సాయంత్రం పెద్దది కాదు. రిపేర్ చేస్తామనే తెలియని వెబ్‌సైట్లకు మాత్రం ఇంకా సమర్పించని సిద్ధాంత వ్యాసాన్ని ఎక్కించకండి.

ప్రశ్న: మా నాన్నగారి పద్యాలను చాలా ఏళ్ల క్రితం డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి, సీడీలో భద్రపరిచాము. ఫైలు తెరుచుకుంటోంది గాని తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయి. పాడైపోయిందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలావరకు పాడవలేదనే అనుకోవచ్చు. ఆ రోజుల్లో డీటీపీ పని ఎక్కువగా అను ఫాంట్లతో జరిగేది. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షర భాగాలను అమర్చినవి. ఆ ఫాంటు మీ కంప్యూటర్‌లో లేనందువల్ల అడుగునున్న ఇంగ్లిషు అక్షరాలే బయటపడుతున్నాయి. ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసి వర్డ్‌లో తెరిచి, ఒక పద్యం మీద కర్సర్ పెడితే ఫాంటు పెట్టెలో దాని పేరు కనిపిస్తుంది. ఆ ఫాంటు ఉన్న డీటీపీ సెంటర్‌లో ఫైలు తెరిపించి, ముందు ఒక పీడీఎఫ్ తీయించుకోండి. ఆ తర్వాత అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌తో మార్పించి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని పద్యం పద్యం సరిచూడండి; వత్తులు, అరసున్నల దగ్గర తప్పులు దొర్లవచ్చు.