నీట్ వద్దు, గుండె కణాల పరిశోధన చేస్తానంటోంది: చీపురుపల్లి తండ్రి గారికి జవాబు

అన్నయ్య గారూ, మీ నాన్నగారికి గుండెపోటు వచ్చి విశాఖలో స్టెంటు వేశాక డాక్టరు గారు "ఆ భాగంలో కండ చచ్చిపోయింది, మళ్లీ రాదు" అన్నారనీ, పక్కనే ఉన్న మీ పాప "ఎందుకు రాదు?" అని పట్టుకుందనీ, ఇప్పుడు ఇంటర్ బైపీసీ రెండో ఏడాదిలో నీట్ వద్దు, వేరే కణాలను గుండె కండగా మార్చే పరిశోధనే చేస్తానంటోందనీ రాశారు. ఇది తిండి పెట్టే చదువేనా అని మీ టెన్షన్.

పాపది గాలిమాట కాదండీ. కొడవలి తెగిన చోట చేతి మీద మచ్చ మిగులుతుంది చూడండి, గుండెపోటు తర్వాత గుండెలోనూ అలాంటి మచ్చే పడుతుంది, గట్టిగా పట్టుకుని ఉంటుంది గానీ కొట్టుకోదు. ఆ మచ్చను కట్టేవి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో దీపక్ శ్రీవాస్తవ బృందం ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లోకి గాటా4, మెఫ్2సీ, టీబీఎక్స్5 అనే మూడు జన్యువులు పంపి వాటిని గుండె కండ కణాల్లాంటివిగా మార్చింది, 2012 కల్లా బతికున్న ఎలుక గుండెలోనే చేసి చూపించారు. మనిషి కణాలకు మాత్రం ఆ మూడూ చాలలేదు. మారిన కణాలు పూర్తిగా ముదరవు, పక్క కణాలతో లయ కలవకపోతే గుండె కొట్టుకోవడమే గతి తప్పుతుంది. ఇంత పని మిగిలి ఉంది కాబట్టే పాపకు అక్కడ చోటుంది.

దారి పొడుగే, దాచను. ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలో డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఆ తర్వాత పీహెచ్‌డీకి ఇంకో ఐదారేళ్లు. అయితే నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 స్టైపెండ్ వస్తుంది, అప్పటికి మీ మీద భారం ఉండదు. మన తిరుపతిలోనే ఐసర్ ఉంది. దాని ప్రవేశ పరీక్షలో బయాలజీతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కూడా సమానంగా ఉంటాయి, బైపీసీ పిల్లలు దెబ్బతినేది ఆ మ్యాథ్స్‌లోనే, పదో తరగతితో వదిలేశారు కదా. సీటు రాకపోతే మంచి బీఎస్సీ చేసి జామ్ గానీ గ్యాట్-బి గానీ, ఆ ప్రవేశ పరీక్షలు రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, పరిశోధనకు హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్ లాంటి కణ పరిశోధన సంస్థలు ఉన్నాయి. "స్టెమ్ సెల్ (మూలకణాల) సర్టిఫికెట్ కోర్సు" అంటూ ఎవరైనా డబ్బులడిగితే ఒక్క రూపాయి కట్టకండి.

నీట్ కూడా ఒకసారి రాయించండి, లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఏళ్లు మాత్రం పోగొట్టకండి. శ్రీవాస్తవ గారు స్వయంగా పిల్లల గుండె డాక్టరే, ఆ వైపు నుంచీ దారి ఉందని పాపకు చెప్పండి. ఈ ఆదివారం విజయనగరం వెళ్లి ఎంపీసీ ఫస్టియర్ మ్యాథ్స్ పుస్తకాలు కొనివ్వండి, నెల రోజులు చేశాక ఏ చాప్టర్ దగ్గర ఆగిపోతోందో తననే నాకు రాయమనండి.